ఉడుంపట్టు బోల్టు

"పన్ను పీకేవాడికి బోల్టొక లెక్కా అంకుల్?"

ఈ మాట అన్నది పై వాటాలో అద్దెకుండే పళ్ళ డాక్టరు. అన్నది ఇంటి ఓనరుగారితో. అనడానికి కారణం మాత్రం ఓనరుగారి పక్కన ఆయన కూతురు నిలబడి ఉండటం. మగవాళ్ళు కోసే కోతల్లో సగానికి పైగా ఇలాంటి చోటే పుడతాయి.

ఆ అమ్మాయి పశువుల డాక్టరు. రెండేళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాక పోస్టింగ్ వచ్చింది. కొండల అవతల ఎక్కడో చిన్న ఊరు. రేపు పొద్దున్నే తండ్రి ఇచ్చిన పాత కారులో బయల్దేరాలి. ఇంజనాయిలు మార్చందే కారు గేటు దాటకూడదని తండ్రి ఆజ్ఞ. పోనీ షెడ్డుకి పంపిద్దామంటే ఒప్పుకోడు. సర్వీసంతా నీళ్ళ శాఖలో లీకుల వెంట పరిగెత్తి రిటైరైన మనిషి ఆయన. బయటివాళ్ళు బిగించిన దేన్నీ నమ్మడు. ఎప్పుడూ ఆయనే మార్చుకుంటాడు, ఈసారి మాత్రం నడుం పట్టేసింది.

అందుకే మన డాక్టరుగారి బీరాలు.

కారు ముందు చక్రాల్ని ఇనప ర్యాంపుల మీదికి ఎక్కించారు. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టారు. డాక్టరు పాత దుప్పటి పరుచుకుని కిందికి దూరాడు. వినడానికి పని చాలా చిన్నది. ఇంజను అడుగున ఉన్న బోల్టు విప్పితే పాత నూనె బేసిన్‌లోకి కారిపోతుంది. తర్వాత బోల్టు బిగించి, పైనుంచి కొత్త నూనె పోస్తే అయిపోయింది.

స్పానర్ తగిలించి లాగాడు. బోల్టు కదల్లేదు. పళ్ళు బిగించి లాగాడు. కదల్లేదు.

"అయిందా డాక్టరుగారూ?" పైనుంచి పశువుల డాక్టరు గొంతు.

"అవుతోంది."

"మత్తింజక్షన్ ఏమైనా తెమ్మంటారా? బోల్టుకి కాదు, మీకు."

"అక్కర్లేదండీ. నా పేషెంట్లు మర్యాదస్తులు. నోరు తెరవమంటే తెరుస్తారు. ఇదే కొత్తరకం."

"నా పేషెంట్లు తంతాయి. అయినా నేనింత మూలగను."

డాక్టరు మళ్ళీ లాగాడు. స్పానర్ జారి మోచెయ్యి నేలకి కొట్టుకుంది. ఇక మర్యాద పక్కనపెట్టి అడిగేశాడు.

"అసలు దీన్ని కిందటిసారి బిగించింది మనుషులేనా?"

"నేనే బాబూ," కుర్చీలోంచి ఓనరుగారు గర్వంగా అన్నారు. "లీకు కాకూడదని కాస్త గట్టిగా."

వంటింటి కిటికీలోంచి ఓనరమ్మ తల కనిపించింది. "ఆయన బిగింపు సంగతి నాకు తెలీదా? ఆయన స్నానానికెళ్ళాక నేనూ ఓ పట్టు పట్టా."

"నువ్వా? నా మీద నమ్మకం లేకా?"

ఓనరమ్మ కిటికీలోంచి తల లోపలికి తీసుకుంది. కూతురు మాత్రం ఆకాశంలో మబ్బులున్నాయేమో చూడటం మొదలుపెట్టింది. తండ్రికి అనుమానం వచ్చింది.

"ఏమ్మా?"

"అమ్మ బిగించిందని నాకేం తెలుసు నాన్నా? ఎందుకైనా మంచిదని కింద పడుకుని స్పానర్‌ని కాలితో రెండు తన్నులు తన్నా."

ముగ్గురూ ముగ్గురే. ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రాణం, ఒకళ్ళ పని మీద ఒకళ్ళకి గురి సున్నా. ఆ బోల్టుకి ఉడుంపట్టు ఎందుకొచ్చిందో డాక్టరుకి అర్థమైంది.

ఓనరుగారు అవమానం దిగమింగి, బోల్టుకి కొత్త వాషర్ వెతుకుతానంటూ నడుం పట్టుకుని లోపలికెళ్ళారు. సర్దిచెప్పడానికి ఓనరమ్మా వెనకే వెళ్ళింది. కారు దగ్గర డాక్టరూ, ఆ అమ్మాయీ మిగిలారు. ప్రేమ కథల్లో ఇలాంటప్పుడు సమయానికి పడాల్సిన వాన ఆ రోజు సెలవు పెట్టింది.

అప్పుడే డాక్టరు కంటికి గోడకి ఆనించి ఉన్న పైపు కనబడింది. ఓనరుగారి నీళ్ళ పైపు ముక్క. దాన్ని స్పానర్ పిడికి తొడిగితే పిడి పొడవవుతుంది, సగం బలంతో పని అయిపోతుంది. పళ్ళ డాక్టరుకి కూడా తెలిసే విషయమే.

చూశాడు. చూసి మొహం అటు తిప్పుకున్నాడు.

బోల్టు రాకపోతే నూనె మారదు. నూనె మారకపోతే కారు కదలదు. కారు కదలకపోతే ఆ అమ్మాయి రేపు వెళ్ళదు. ఈ ఇంట్లో దిగిన రోజు నుంచి ఆమెతో ఒక్క మాట చెప్పడానికి మీనమేషాలు లెక్కపెడుతున్న మహావీరుడికి చివరికి ఒక బోల్టు అండ దొరికింది. స్పానర్‌ని ఉత్తినే పట్టుకుని గట్టిగా మూలగసాగాడు.

ఆమె వంగి కారు కిందికి చూసింది.

"డాక్టరుగారూ, నొప్పి లేకుండా కుంటే కుక్కల్ని చాలా చూశాను. ఆ పైపు కనిపించలేదా?"

"కనిపించింది."

"మరి?"

కారు కింద పడుకున్నవాడు పారిపోయే దారి ఎక్కడుంటుంది?

"ఇది విప్పితే రేపు మీరు వెళ్ళిపోతారు."

"విప్పకపోతే?"

"నాలుగు రోజులు ఉంటారు. ఈలోగా చెబుదామని."

"ఏమని?"

"మీరంటే నాకు చాలా ఇష్టమని. మీరు లేని ఈ ఇంట్లో ఉండలేనని."

ఆమె కరిగిపోతుందనుకుంటే పొరపాటు.

"రేపు చేరకపోతే ఆ పోస్టు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. తెలుసా? నీకు నోరు పెగల్లేదని నా ఉద్యోగం పోగొడతావా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. వేరే రోజైతే డాక్టరు గాల్లో తేలిపోయేవాడు. ఇప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె రెండేళ్ళ ఎదురుచూపుని తన నాలుగు రోజులకి తాకట్టు పెట్టబోయాడు.

"తప్పయింది. ఆ పైపు ఇలా ఇవ్వండి. మీరు రేపు వెళ్ళాలి. వెళ్తారు కూడా."

ఆమె గోడ దాకా వెళ్ళింది. పైపు తెచ్చింది. ఇవ్వకుండా తనే పక్కన దూరింది.

స్పానర్‌ని బోల్టుకి పూర్తిగా దిగేలా తగిలించారు. పిడికి పైపు తొడిగారు. నాలుగు చేతులూ పైపు మీద పడ్డాయి. ఒక్క గుంజు గుంజేసరికి 'టక్'మంది.

మిగతాది వేళ్ళతోనే తిరిగింది. చివరి మరలో బోల్టు చేతిలోంచి జారి, గోరువెచ్చని నల్లటి నూనె డాక్టరు మణికట్టు మీదుగా చొక్కాలోకి పోయింది. ఆమె బుగ్గకీ ఓ చార పడింది. అది ఆమెకి అందంగా ఉందని డాక్టరు అనుకున్నాడు. ప్రేమ గుడ్డిదని ఊరికే అనలేదు.

నూనె కారుతుంటే ఇద్దరూ దాన్నే చూస్తూ పడుకున్నారు.

"మెట్ల మీద ఎప్పుడు ఎదురైనా 'రాత్రి పూట కూడా బ్రష్ చేస్తున్నారా' అంటావు. దాంట్లో ప్రేమ ఉందని నాకెలా తెలియాలి?"

"భయమేసేది."

"నా పేషెంట్లకి మాటలే రావు. అయినా ఎక్కడ నొప్పో చెప్పేస్తాయి. నువ్వు వాటికన్నా కష్టం కేసు."

"మీకు కోపం పోయిందా?"

"పోలేదు." బుగ్గ మీది చార తుడుచుకుంటూ అంది, "ఆ ఊరి ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు అద్దె ఇల్లు దొరుకుతుందా అన్నది నేనడిగిన రెండో ప్రశ్న."

"మొదట ఏం అడిగారు?"

"పళ్ళ డాక్టరున్నాడా అని."

"ఉన్నాడా?"

"లేడు."

డాక్టరు సంతోషం పట్టలేక లేవబోయాడు. పైన కారు ఉందన్న సంగతి నుదుటికి తెలిసింది.

"బాబూ," అని పిలుపు. కారు పక్కన రెండు చెప్పులు. వాషర్ తెచ్చిన ఓనరుగారు ఎంతసేపటి నుంచి నిలబడ్డారో దేవుడికే తెలియాలి. నడుం వంగదు కాబట్టి మొహం కనిపించడం లేదు.

"అంకుల్, అదీ..."

"ఆ ఊరి నీళ్ళు సర్వీసులో ఉండగా నేనే టెస్టు చేయించా. ఫ్లోరైడ్ ఎక్కువ. ఊరు ఊరంతా గార పళ్ళే. నీ చేతికి పనికి కొదవుండదు."

 ఆయన చెప్పుల పక్కకి ఇంకో జత చెప్పులు వచ్చాయి.

"పళ్ళ సంగతి తర్వాత," అంది ఓనరమ్మ. "ముందు అబ్బాయి వాళ్ళమ్మగారి ఫోన్ నంబరు కనుక్కోండి."

ఇన్నాళ్ళూ పెగలని నోరు ఆ నంబరుని కారు కిందనుంచే, ఒక్క అంకె తడబడకుండా, ఒక్క ఊపిరిలో చెప్పేసింది.