నిండుకున్న ఫోటోలు

గాజుపలక సగం దాకా తెల్లబడింది. ల్యాప్‌టాప్ మూత మీంచి సన్నటి వెలుగు దాని మీద పడుతూనే ఉంది. సామర్లకోటలో హైమవతి గారింటి ముందుగదిలో జరుగుతున్న ఈ పని పేరు బ్యాకప్. చేస్తున్న యంత్రం పేరు పొదుపరి. దాన్ని తయారుచేసినవాడు ఆవిడ మేనల్లుడు, డాక్టర్ శశాంక్.

"డ్రైవ్‌లో వేలెడు చోటు లేదత్తా," అన్నాడు శశాంక్. "ఇంకొక్క ఫోటో పెడితే మొరాయిస్తుంది. పొదుపరి అన్నిటినీ ఈ గాజులోకి ఎక్కించి, ఇక్కడివి తుడిచేస్తుంది. ఎలా తుడుస్తుందంటే, బ్రహ్మదేవుడు దిగొచ్చినా తిరిగి తేలేడు."

"గాజులో పడ్డాయో లేదో దానికెలా తెలుస్తుందిరా?"

"తెలీదు. వైరస్ రాకుండా గాజుని విడిగా ఉంచాం. వెలుగు అటు వెళ్తుందంతే, ఇటు రాదు. పలకంతా పాలలా తెల్లబడితే పని అయినట్టు. రేపు పొద్దున అది నిన్నే అడుగుతుంది, నీ మాటే దానికి సాక్ష్యం. వంటింట్లో మాట్లాడినట్టే మాట్లాడు. మన తెలుగు దానికి క్షుణ్ణంగా వచ్చు."

చూశారా, ఎంత ధీమానో!

హైమవతి భర్త వీరభద్రం ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపాడు. ఇప్పుడాయనకి మతిమరుపు జబ్బు. లేస్తూనే భార్యని "మీరెవరండీ?" అంటాడు. ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి, ఆయన తీసిన ఫోటోలు ఒక్కొక్కటే చూపిస్తుంది. యాభయ్యో అరవయ్యో దాటేసరికి, "హైమా, కాఫీ ఏదే?" అంటాడు. ఆ పిలుపు కోసమే ఆవిడ బతుకుతోంది.

మర్నాడు వీరభద్రం ముందే లేచాడు. తెల్లగా మెరుస్తున్న పలకని చూసి తడి ప్రింటు అనుకున్నాడు. పాత అలవాటు కదా, తీసుకెళ్లి కిటికీలో ఎండకి ఆరబెట్టాడు. అప్పుడే ఫోటోలెక్కిన పచ్చిగాజుకి ఎండ తగిలితే పడ్డవన్నీ చెరిగిపోతాయని శశాంక్ ఎవరికీ చెప్పలేదు. పెద్ద చదువుల వాళ్లకి చిన్న సంగతులు గుర్తుండవు మరి!

హైమవతి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి పలక మంచినీళ్లలా ఉంది. అప్పుడే పొదుపరి అడిగింది.

"అమ్మా, గాజులో ఫోటోలు ఎలా ఉన్నాయి?"

దీపం వెలుగుతున్న ఇంట్లో పోయాయి, లేవు అనే మాటలు ఆవిడ నోట రావు. బియ్యమైనా, ఉప్పైనా అంతే.

"అయ్యో, ఫోటోలు నిండుకున్నాయి!" అంది.

"సంతోషమమ్మా," అంది పొదుపరి. రెండు క్షణాల్లో ల్యాప్‌టాప్ ఖాళీ అయిపోయింది.

కబురందుకుని శశాంక్ పరిగెత్తుకొచ్చాడు. చాలాసేపు మీటలు నొక్కి, "కేటలాగ్ మాత్రం భద్రంగా ఉందత్తా," అన్నాడు.

"అంటే?"

"ఏ ఫోటో ఎక్కడుందో చెప్పే జాబితా."

"వంటల జాబితా చేతిలో పెట్టి విస్తరి లాగేశావన్నమాట! నిండుకోవడమంటే అయిపోవడమని దానికి నేర్పలేదురా?"

శశాంక్ తల దించుకున్నాడు. "నేర్పానత్తా. రెండర్థాలతో తికమక పడుతోందని నెల కిందట నేనే తీసేశాను. ఈ రోజుల్లో ఎవరంటారులే అనుకున్నా."

"ఎవరంటారా? బియ్యం నిండుకున్నాయి పట్రారా అంటే, సంచీ పుచ్చుకుని కొట్టుకి పరిగెత్తిందెవర్రా? పదేళ్లు ఆ అన్నమే తిన్నావు. ఆ మాటతో పాటు నన్నూ తీసేశావు కదరా!"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ సంగతి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

లోపలి గదిలోంచి వీరభద్రం వచ్చి, రోజూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమ్మా, ఫోటోలు చూపిస్తారటగా?"

హైమవతి కళ్లు తుడుచుకుంది. "నిండుకున్నాయండీ."

ఆయనకి వెంటనే అర్థమైంది. "అయ్యయ్యో! ఒక్కటైనా మిగల్లేదూ?" అని ఆవిడ వంక జాలిగా చూశాడు. "ఇంతకీ మీరెవరండీ?"