లెక్క తప్పిన వాక్యం

రెడ్డిగూడెంలో రిటైర్డ్ హెడ్మాస్టరు చార్లెస్ గారింట్లో కాఫీ కన్నా ముందు కుటుంబ ప్రార్థన. బైబిల్లో తలా ఒక వాక్యం చదవాలి, ఆ తర్వాత మాస్టారు ఒక అధ్యాయం చదివి వినిపిస్తారు. మాస్టారి దృష్టిలో లోకంలో రెండే జాతులు, చదివేవాళ్లూ సోమరిపోతులూ. మామిడికాయల బేరానికి పొద్దున్నే వచ్చి ఆ చాపమీద ఇరుక్కుపోయిన చిన్నరాయప్ప రెండో జాతి అని ఆయన ఎప్పుడో తేల్చేశారు.

మాస్టారి భార్య సువార్తమ్మ మొదటి వాక్యం చదివింది. పక్కనున్న చిన్నరాయప్ప కూడబలుక్కుంటూ రెండోది చదివాడు. మాస్టారు పెదవి విరిచారు. తర్వాతి వంతు కూతురు జెరూషాది. యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్న ఆ పిల్ల గ్రంథం తెరిచి, చిన్నరాయప్ప చదివిన వాక్యాన్నే మళ్లీ గడగడా చదివేసింది.

"అది అయిపోయిందమ్మా," అన్నాడు చిన్నరాయప్ప మెల్లగా.

"దాని కిందది చదువు," అన్నారు మాస్టారు.

జెరూషా వేలు వరుస మీద పెట్టింది గానీ నోరు పెగల్లేదు. చిన్నరాయప్ప కాఫీ అయినా తాగకుండా లేచిపోయాడు.

అప్పుడు బయటపడింది. చిన్నప్పటి నుంచీ తన వంతుకొచ్చే వాక్యమేదో ముందే లెక్కేసుకుని, వంటింట్లో తల్లి చేత చదివించుకుని బట్టీ పడుతోందట. బడి పాఠాలూ అలాగే గట్టెక్కాయట. ఈరోజు మధ్యలో ఒక మనిషి వచ్చి కూర్చునేసరికి లెక్క తప్పింది.

"డిస్లెక్సియా అన్నారు నాన్నా, యూనివర్సిటీలో. అక్షరాలు నాకు కుదురుగా నిలవవు. పాఠం రికార్డు చేసుకుని వింటే మాత్రం వచ్చేస్తుంది. పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించే మనిషిని ఇస్తామన్నారు."

"ఎమ్మే పిల్లకి ప్రశ్నలు చదివిపెట్టాలా? సోమరితనానికి ఇంగ్లీషు పేరు పెడితే జబ్బయిపోద్దా? ఇలాంటి వేషాలు నా సర్వీసులో బోలెడు చూశాను. రేపే పోయి టీసీ తెచ్చేసుకో. ఇంట్లో కూర్చుని ఆవకాయ ముక్కలు కొట్టుకో, దానికి చదువక్కర్లేదు."

"ఊళ్లో పిల్లలందరికీ చదువు చెప్పారు," అంది సువార్తమ్మ. మొగుడికి ఎదురు చెప్పడం ఆమెకదే మొదలు. "కన్నపిల్ల చదవలేకపోతోందని కనిపెట్టలేకపోయారు. మరి మిమ్మల్నేమనాలండీ?"

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. "విని నేర్చుకుంటుందా? సరే. నిన్న ప్రార్థనలో నేను చదివిన అధ్యాయం ఒప్పచెప్పమను, చూద్దాం."

జెరూషా ఒప్పచెప్పింది. నిన్నటిదయ్యాక అడక్కుండానే మొన్నటిదీ చెప్పింది. ఆయన ఆగేచోట ఆగింది, ఆయన గొంతు తగ్గించేచోట తగ్గించింది. ఒక్క మాట పొల్లుపోలేదు.

"పుస్తకం తెరిస్తే నాకేమీ రాదు నాన్నా," అంది ఏడుస్తూ. "వాక్యమంతా నాకు మీ గొంతుతోనే వచ్చు."

మాస్టారు తలెత్తలేకపోయారు. తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"నీ క్లాసు పుస్తకాలు పట్రామ్మా," అన్నారు. "ఆ ఫోన్లో రికార్డు ఎలా చెయ్యాలో కూడా చూపించు."