చివర పడ్డ రంగు

"రేపు కాదు, ఇవాళే," అన్నాడు చీఫ్. "ల్యాబ్‌లోని విత్తనాలను చెడగొట్టాలని విదేశీ ముఠా చూస్తోంది. పంపుతున్నది నెమలిని."

ఏజెంట్ ఊసరవెల్లికి ఆ పేరు కొత్త కాదు. నెమలి డబుల్ ఏజెంట్. రెండు పక్షాల దగ్గరా జీతం తీసుకుంటూ ఇద్దరి చెవుల్లోనూ పువ్వులు పెట్టగల అందగత్తె. పైగా ఆ ల్యాబ్ అతని సొంత అక్కది. విషజ్వరానికి మందిచ్చే మొక్కకు మిగిలినవి ఆ గుప్పెడు విత్తనాలే. అక్క కూతురికి ఆ జ్వరం మాటిమాటికీ తిరగబెడుతోంది, ఇంట్లో మందు ఆఖరి సీసాకు వచ్చింది. అతనికి నిజంగానే భయం వేసింది.

అక్క బ్రీఫింగ్ చీఫ్‌ది కన్నా కటువుగా సాగింది.

"విత్తనంలో ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ ఉంటుందిరా. ఎర్ర లైటు పడితే అది రూపం మార్చుకుని మొలకెత్తమంటుంది. కంటికి ఆనీ ఆనని ఫార్-రెడ్ పడిందా, పాత రూపానికొచ్చి పడుకుంటుంది. ఎన్నిసార్లు మార్చినా చివర పడ్డ రంగే లెక్క."

"అచ్చం బావలాగే. ఆఖరున ఎవరు చెబితే వాళ్ళ మాటే."

"వాగకు. డార్క్‌రూమ్ పెట్టెలో తడిపి పెట్టి, ఎర్ర లైటు కొట్టేశాను. కాసేపట్లో టైమరుకు దాని మూత పడుతుంది. ఇప్పుడు పడుకుంటే కుళ్ళిపోతాయి. నీ టార్చి ఇలా తే."

"నాదీ ఎరుపేగా అక్కా?"

"డార్క్‌రూమ్‌లో ఆకుపచ్చే. రూలంటే రూలే." ఎర్ర టార్చి డ్రాయరులో పడేసి, ఆకుపచ్చది అతని చేతిలో పెట్టింది. ఆ రంగును ఈ విత్తనాలు పట్టించుకోవట.

టెక్నీషియన్ కోటు, అంటించిన మీసంతో అతను డార్క్‌రూమ్‌లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ బ్యాడ్జితో నెమలి వచ్చింది.

"మీసం ఊడుతోంది," అంది.

అతని చెయ్యి మూతి మీదికి వెళ్ళేలోపు ఆమె లిప్‌స్టిక్‌లో దాచిన టార్చి తీసి నొక్కింది. మసక ఎరుపు ఒకటి విత్తనాల మీద పడీ పడనట్టు పడింది. ఫార్-రెడ్. అదే సమయానికి పెట్టె మోటారు మొదలై మూత దిగసాగింది. లాక్ పడితే మూడు రోజుల దాకా తెరుచుకోదు.

అతను మూత కింద చేతులు పెట్టి ఆపబోయాడు. మోటారు ఆగలేదు. చేతిలో ఆకుపచ్చ టార్చి, ఎర్రది బయట డ్రాయరులో. రూలు పాటించి చెడిపోవడం అతనికి ఇదే మొదటిసారి.

"నా మేనకోడలికి మందు ఇదొక్కటే," అన్నాడు.

"వయసెంత?"

"ఆరేళ్ళు."

మూతకూ పెట్టెకూ మధ్య బెత్తెడు సందు మిగిలింది. నెమలి లిప్‌స్టిక్‌ని తలకిందులు చేసి రెండో కొస నొక్కింది. ఈసారి చిక్కటి ఎరుపు లోపలికి దూసుకుపోయింది. టక్కున లాక్ పడింది.

"ముఠాకేం చెబుతావు?"

"ఫార్-రెడ్ కొట్టానని. అబద్ధం కాదుగా."

మూడు రోజులూ అతనికి కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు. పెట్టె తెరిస్తే లోపలంతా తెల్లటి మొలకలు. అక్క అక్కడే నిలబడి ఏడ్చేసింది.

"ఇంతకీ నెమలి ఎవరి మనిషి?" అడిగాడు చీఫ్.

"చివర పడింది ఎరుపే సార్, కాబట్టి ప్రస్తుతానికి మన మనిషే," అన్నాడు ఊసరవెల్లి. "ఆవిడ మీద ఇంకో లైటు పడకుండా మాత్రం చూసుకోండి."