పొడుం డబ్బీ ఖర్చు

"గంగరాజు ప్రాణాలతో కోర్టు మెట్లెక్కాలి. అంతే నీ పని," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఉదయభాస్కర్‌కు అంతకన్నా బ్రీఫింగ్ అక్కర్లేదు. మండపేట రైస్ మిల్లర్ గంగరాజు, బియ్యం ఎగుమతుల పేరుతో సింగపూర్ ముఠా సొమ్ము తెప్పించి పార్టీ కోసం ఎన్నికల్లో కుమ్మరించాడు. నిన్న నేరం రుజువైంది. ఇవాళ రాజమండ్రి కోర్టులో శిక్ష; అందాకా బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడు. ముఠాను పార్టీతో కలిపిన నాయకుడి పేరు గంగరాజు ఒక్కడికే తెలుసు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"ఆయన్ని పెద్దాయనంటాను, అంతే. నమ్మినోళ్ల పేరు చెప్పనండి."

భాస్కర్ మిల్లు గుమస్తా వేషంలో ఉన్నాడు. కళ్లజోడులో కెమెరా. పొడుం డబ్బీలో మాత్రం పొడుమే. అతని పార్ట్‌నర్ హేమశ్రీ గంగరాజుకు పి.ఏ.గా చేరింది. షిఫాన్ చీర, చేతిలో కొత్త సెల్‌ఫోన్.

పొద్దున్నే గంగరాజు వాకిట్లోకి తెల్ల కారొచ్చింది.

"పెద్దాయన పంపారండి," అంది హేమశ్రీ.

గంగరాజు కళ్లు చెమర్చాయి. "చూశావా భాస్కరం? ఫోనెత్తట్లేదన్నావు. ఆయన నన్ను మర్చిపోలేదయ్యా."

"మీరు ఎక్కరా మేడం?" హేమశ్రీని అడిగాడు భాస్కర్.

"నేను బస్సులో వస్తాలే."

ఏసీ కారు తప్ప ఎక్కని మనిషి బస్సంటోంది. కారు తెచ్చిన డ్రైవరు అప్పుడే గేటు దాటేశాడు. హేమశ్రీ కూడా గేటు దాకా వెళ్లి నిలబడింది. బొటనవేలు ఫోను బటన్ మీదే ఉంది.

భాస్కర్‌కు లెక్క తేలిపోయింది. కారులో బాంబుంది. అరిస్తే ఆమె నొక్కేస్తుంది. చుట్టూ మిల్లు జనం.

గంగరాజు ఒక కాలు కారులో పెట్టాడు. భాస్కర్ చిటికెడు పొడుం పీల్చి, వీధంతా వినబడేలా తుమ్మాడు.

గంగరాజు కాలు వెనక్కి తీశాడు. "కాళ్లు కడుక్కుని, కాసిన్ని నీళ్లు తాగి బయల్దేరదాం."

"టైమవుతోంది సార్. ఇప్పుడివన్నీ ఏంటండీ?"

"శిక్ష ఎక్కడికీ పోదులేమ్మా."

ఆయన వెంట వాకిలంతా లోపలికి నడిచింది. ఆ సందులో భాస్కర్ గేటు దగ్గరకు దూకి ఆమె మణికట్టు మెలితిప్పాడు. పెనుగులాటలో బొటనవేలు బటన్‌ను నొక్కేసింది. ఖాళీ కారు ముక్కలై మంటలు లేచాయి.

"మన డిపార్ట్‌మెంట్‌ని ముఠాకి ఎంతకమ్మావు?"

హేమశ్రీ జుట్టు సర్దుకుంది. "ముఠాకి కాదు భాస్కర్. పెద్దాయనకి. ఆ కారు నిజంగా ఆయన పంపిందే."

గడపలో ఆ మాట విన్న గంగరాజు చేతిలో నీళ్ల గ్లాసు అలాగే ఉంది.

"ఇరవయ్యేళ్లు ఆయన మీద పెట్టుబడి పెట్టాను," అన్నాడు. "తిరిగొచ్చింది ఈ కారొక్కటే. పదవయ్యా, కోర్టులో పేరు చెబుతాను."

చెప్పాడు. శిక్ష మాత్రం ఒక్క రోజు కూడా తగ్గలేదు.

పొడుం డబ్బీ బిల్లును హెడ్డాఫీసు తిప్పి పంపింది. మంజూరైన పరికరాల్లో అది లేదట.