ఎ అంటే ఎడమ కాదు

"ఎ… ఎ…" అంది బఠాణీ.

"ఎడమ. తెలుసు," అంది గడగడ. ఓడని ఎడమకి తిప్పేసింది.

టీవీలో ఓడ నల్లటి సొరంగంలోకి దూసుకెళ్లింది. రెండు సెకన్లు అంతా బాగానే ఉంది. మూడో సెకనులో ఇనుప గోడ కనిపించింది. నాలుగో సెకనులో ఓడ లేదు.

బఠాణీ టీవీకి వీపు పెట్టి, ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని కూర్చుంది. వెనక్కి తిరిగి చూడకపోయినా పేలిన చప్పుడు వినిపించింది.

"ఎ… ఎదురుగా," అని మాట పూర్తి చేసింది. అప్పటికి ఎదురుగా వెళ్లడానికి ఏమీ మిగల్లేదు.

ఆ ఆట పేరు 'తోకచుక్క దళం'. అదే పేరుతో వచ్చిన మూడు సినిమాల కథతో చేసిన వీడియో గేమ్. శత్రువుల అంతరిక్ష కోటలోంచి ఓడని బయటికి తీసుకురావాలి. ఇద్దరు కలిసి ఆడాలి. ఒకరు పైలట్, ఒకరు ఇంజనీరు. పైలట్‌కి టీవీలో దారులు కనిపిస్తాయి గానీ, ఏ దారి తెరిచి ఉందో తెలియదు. ఇంజనీరుకి ట్యాబ్‌లో మ్యాపు కనిపిస్తుంది గానీ, ఓడ తన చేతిలో ఉండదు. ఇంజనీరు నోటితో చెప్పాలి, పైలట్ విని నడపాలి. ఒకరి తెర ఒకరు చూడకూడదు.

గడగడే పైలట్. ఆ సంగతి ఎవరూ నిర్ణయించలేదు, అడగనూ లేదు. మూడో సినిమా ఆ పిల్ల పదకొండు సార్లు చూసింది. కెప్టెన్ ఏం అనబోతున్నాడో కెప్టెన్ కంటే ముందే చెప్పేస్తుంది. దీని నోట్లో నువ్వుగింజ నానదు, దీనితో కలిసి సినిమాకి వస్తే నేను వేరే వరుసలో కూర్చుంటాను అంటాడు వాళ్ల నాన్న. ఏడాది నిండకుండానే గడగడా మాట్లాడేసిందని ఆ పేరు పెట్టింది తాతయ్య. పదేళ్లు నిండినా ఆ జోరు తగ్గలేదు.

బఠాణీ వాళ్లు పై అంతస్తులో ఉంటారు. ఇద్దరిదీ ఒకటే క్లాసు. గుండ్రటి కళ్లని చూసి అందరూ బఠాణీ అంటారు. ఆ పిల్లకి మాట తడబడుతుంది. మొదటి అక్షరం గొంతులో ఇరుక్కుంటుంది. కాస్త ఆగితే వచ్చేస్తుంది. క్లాసులో ఎవరికీ కాస్త ఆగేంత తీరిక లేదు. అందుకని బఠాణీ క్లాసులో మాట్లాడటం మానేసింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకుంటుంది.

కానీ ట్యాబ్ చేతికి వచ్చాక, ఈ రెండు వారాల్లో, ఎంత మాట్లాడిందో. పైకి, కిందికి, రెండో తలుపు, ఇప్పుడు పో. ఒకరోజు వాళ్లమ్మ కూతుర్ని పిలవడానికి వచ్చి, ఆ గొంతు విని, పిలవకుండానే మెట్లెక్కి వెళ్లిపోయింది.

మరి ఓడ ఎందుకు పేలింది? పైలట్ వల్ల.

బఠాణీ "పై…" అంటే చాలు, గడగడ "పైకి" అనేస్తుంది. "కు…" అంటే "కుడి" అనేస్తుంది. సాయం చేస్తున్నాననే అనుకుంటుంది. చాలాసార్లు అది సరిపోయింది కూడా. పదిసార్లు గురి కుదిరినవాళ్లకి పదకొండోసారి చూసి కొట్టాలనిపించదు.

ఆఖరి స్టేజీకి ఆట మూడు ఓడలు ఇస్తుంది. మొదటిది "ఆ…" దగ్గర పోయింది. గడగడ "ఆగు" అనుకుని ఆపేసింది. బఠాణీ చెప్పబోయింది "ఆకుపచ్చ తలుపు". ఆగిన ఓడ మీద వెనకాల వస్తున్న రాళ్లన్నీ వచ్చిపడ్డాయి. రెండోది ఇప్పుడు, "ఎ…" దగ్గర. ఇక ఒక్కటే ఉంది. అదీ పోతే స్టేజీ మొత్తం మొదటి నుంచి ఆడాలి. దానికి రెండు గంటలు కావాలి. టైము నాలుగున్నర. ఆట డిస్కు లైబ్రరీది. ఆరు గంటల్లోపు ఇచ్చేయాలి. దాని కోసం ఇంకో పదిమంది పేర్లు రాయించుకుని ఉన్నారు.

"సినిమాలో కెప్టెన్ ఎడమకే వెళ్తాడు," అంది గడగడ. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

"ఇ… ఇది…"

"ఇది సినిమా కాదు అంటావు. తెలుసు. కానీ నువ్వు కొంచెం తొందరగా చెప్పొచ్చు కదా."



బఠాణీ చెవులు ఎర్రబడ్డాయి. ట్యాబ్‌ని బోర్లా తిప్పి నేలమీద పెట్టింది.

"ను… నువ్వే…"

"నువ్వే ఆడుకో అంటావు. అంతేగా," అంది గడగడ.

బఠాణీ నోరు మూసుకుంది. ఈసారి మాట ఇరుక్కోలేదు. తనే లోపలికి తీసేసుకుంది.

"అమ్మడూ, ఆ మెత్త గుడ్డ ఇలా పట్రా," అని ముందు గదిలోంచి అమ్మ పిలిచింది.

ముందు గది అమ్మ కళ్లజోళ్ల షాపు. వెనక రెండు గదులు ఇల్లు. గడగడ గుడ్డ తీసుకుని విసవిసా వెళ్లింది. అమ్మ చేతికిచ్చి, బల్ల పక్కన ముఖం ముడుచుకుని నిలబడింది.

ఎత్తు కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చాలా ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ముక్కు మీద పరీక్ష చేసే ఇనుప ఫ్రేము ఉంది. అమ్మ గుడ్డతో ఒక అద్దం తుడిచి అందులో పెట్టింది.

"మూడో వరుస చదవండి తాతగారూ."

ఎదురు గోడ మీద అక్షరాల చార్టు ఉంది. పెద్దాయన కళ్లు చికిలించి చూశాడు.

"ట… స…" అన్నాడు. ఆగాడు.

అమ్మ ఏమీ అనలేదు. పెద్దాయనా ఏమీ అనలేదు. బయట స్కూటర్ ఒకటి వెళ్లింది. గడగడకి అరికాళ్లు దురద పెట్టాయి. ఆ చార్టు అయిదేళ్ల వయసు నుంచీ తనకి కంఠతా వచ్చు.

"ష," అనేసింది.

"ఆఁ, ష," అన్నాడు పెద్దాయన సంతోషంగా.

అమ్మ ఆ అద్దం తీసి ఇంకోటి పెట్టింది. "అయిదో వరుసకి వెళ్దాం తాతగారూ. మూడోది మా అమ్మాయి చదివేసింది. దాని కళ్లు బాగానే ఉన్నాయి, అది నాకు ముందే తెలుసు."

"పోనీలేమ్మా, పసిది. సాయం చేసింది."

"ఆ సాయం చూసుకుని అద్దాలు చేస్తే మీరు రోడ్డు దాటలేరు," అని అమ్మ నవ్వింది. "మీరు నిదానంగా చూడండి. ఎక్కడ ఆగారో, ఎంతసేపు ఆగారో, అదంతా నాకు కావాల్సిందే."

పెద్దాయన మళ్లీ చికిలించాడు. "ప," అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "కాదు." అమ్మ అద్దాల పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆమె ముఖంలో తొందర లేదు, జాలి కూడా లేదు. వింటోంది, అంతే.

గడగడ పెదాలు బిగబట్టి లోపల అంకెలు లెక్కపెట్టింది. నూరు దాకా వెళ్లాల్సి వస్తుందనుకుంది.

ఏడు దగ్గర పెద్దాయన, "ఘ," అన్నాడు. అది ఘ-నే.

అమ్మ తలూపి వేరే అద్దం అందుకుంది.

ఏడు. ఏడు అంకెల కోసమా నేను రెండు ఓడలు పేల్చాను, అనుకుంది గడగడ. వెంటనే ఓడల సంగతి పక్కకి పోయి, బోర్లా పెట్టిన ట్యాబ్ గుర్తొచ్చింది. చెంపలు వేడెక్కాయి. సిగ్గేసింది. సిగ్గు గడగడకి అలవాటు లేని విషయం, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. కాసేపు బల్ల మీది గుడ్డ అంచులు పీకి, లోపలికి వెళ్లింది.

బఠాణీ డిస్కు పెట్టె చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. టీవీలో మూడో ఓడ ఇంకా ఎదురుచూస్తోంది.

"ఇందాక 'నువ్వే' అన్నావు," అంది గడగడ. "ఏం చెప్పబోయావు?"

బఠాణీ అనుమానంగా చూసింది. గడగడ నిలబడింది. ఒకటి. రెండు. మూడు. బఠాణీ చెప్పు పట్టీ సర్దుకుంది. అయిదు. ఆరు. ఏడు. ఎనిమిది.

"ను… నువ్వే అన్నీ చెప్పేసుకుంటే, న… నేనెందుకు?"

 

"నిజమే," అంది గడగడ. "తప్పు నాది. ఇంకో ఓడ ఉంది. ఆడతావా?"

"మ… మళ్లీ మధ్యలో…"

గడగడ నోటి దాకా ఏదో వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపుకుంది. ఇది ఉత్త మాటతో ఆగే నోరు కాదని ఆ పిల్లకి ఇప్పుడే అర్థమైంది. నిలబడ్డ పాటున వంటింట్లోకి పరుగెత్తింది. బుగ్గలు రెండూ పొంగేలా నోటినిండా నీళ్లు పోసుకుని వచ్చింది. బుగ్గలకేసి వేలు చూపించి, టీవీ ముందు కూర్చుని, కంట్రోలర్ అందుకుంది.

బఠాణీ ఆ ముఖం చూసి ఫక్కున నవ్వింది. చెప్పులు విడిచి, డిస్కు పెట్టె పక్కన పెట్టి, ట్యాబ్ తీసుకుని, గడగడ వీపుకి తన వీపు ఆనించి కూర్చుంది.

మూడో ఓడ బయల్దేరింది.

"కుడి," అంది బఠాణీ. ఓడ కుడికి వెళ్లింది. "రెం… రెండో తలుపు." రెండో తలుపు తెరుచుకుంది. "నీ… నీలం." నీలం. "ఆ… ఆ…" గడగడ ఆపలేదు, తిప్పలేదు, వేగం తగ్గించి చూసింది. "ఆరో నంబరు." ఆరో నంబరు.

తర్వాత పెద్ద గుహ వచ్చింది. ఎడమకి ఒక సొరంగం, ఎదురుగా ఒకటి, తల పైన ఒక కంత. వెనక శత్రువుల ఓడలు రెండు. వాటి దీపాలు టీవీ అంచులో పెద్దవవుతున్నాయి.

"ఎ… ఎ…" అంది బఠాణీ.

గడగడ బొటనవేలు దానంతటదే ఎడమకి జారింది. వెనక్కి లాక్కుంది. పోనీ ఎదురుగానా? ఇందాక ఎదురుగానే కదా. బొటనవేలు ముందుకి జారింది. దాన్నీ వెనక్కి లాక్కుంది. మూడు. నాలుగు. నోట్లో నీళ్లు గోరువెచ్చగా అయిపోయాయి. అయిదు. తన వీపుకి ఆనిన బఠాణీ వీపు కదలకుండా నిటారుగా ఉంది. తొందరపడటం లేదు, భయపడటం లేదు. మాట దారిలో ఉంది. ఆరు.

"ఎక్కు. పైకి ఎక్కు."

ఓడ నిట్టనిలువుగా లేచింది. వెనక వచ్చిన రెండూ ఎడమ సొరంగంలోకి దూరి, గోడకి కొట్టుకుని ముక్కలయ్యాయి. కంత దాటగానే తెర నిండా నక్షత్రాలు.

గడగడ వెనక్కి తిరిగి గట్టిగా అరవబోయింది. నీళ్ల సంగతి మర్చిపోయింది. సగం గౌను మీద పడ్డాయి, సగం బఠాణీ జడ మీద పడ్డాయి. ఇద్దరూ అలాగే తడిసిన బట్టలతో, దళం జెండా ఎగిరేదాకా చూశారు. అయిదు ముప్పావుకి డిస్కు పెట్టెలో పెట్టి పరుగు తీశారు.

లైబ్రరీ కౌంటర్ దగ్గర లైబ్రేరియన్ ఆంటీ డిస్కుని వెలుతురులో తిప్పి గీతలు పడ్డాయేమో చూసింది.

"ఎలా ఉంది ఆట?" అని గడగడని అడిగింది. అందరూ ఎప్పుడూ గడగడనే అడుగుతారు.

గడగడ నాలుక మీద చాలా మాటలు వరుసలో నిలబడి ఉన్నాయి.

"మా ఇంజనీరుని అడగండి ఆంటీ," అంది.

ఆంటీ బఠాణీ వైపు తిరిగింది. వెనక వరుసలో ముగ్గురున్నారు. గోడ గడియారం ఆరుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"పై… పై…" అంది బఠాణీ.

"పైపైన బాగుందా?" అని ఆంటీ దయగా అందించింది.

"ఆగండి ఆంటీ," అంది గడగడ. "తను చెబుతోంది."

ఆంటీ ఆగింది. వెనకున్న ముగ్గురూ ఆగారు.

"పైలట్‌కి వాగుడు ఎక్కువ," అంది బఠాణీ. "మి… మిగతాదంతా బాగుంది."

వరుసలో ఎవరో పకపకా నవ్వారు. గడగడ నోరు తెరిచింది. దీనికి మంచి జవాబు ఉంది, చాలా మంచిది. కానీ బఠాణీ ఇంకోసారి ఊపిరి తీసుకుంది. ఇంకా ఏదో చెప్పబోతోంది.

గడగడ నోరు మూసుకుని, కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడింది.