ఏడో మంచం సాంబయ్యకు చెప్పని ముచ్చట

వరంగల్‌ల ఆ దవాఖాన ఏడో మంచం సంగతి అడగకుండ్రి. దాని మీద ఎవర్నీ పండవెట్టరు. మూడేండ్ల కింద తొర్రూరు సాంబయ్య ఆడనే పోయిండు... పోయిండు గని, ఇంకా పోలేదంటరు.

ఆయా మల్లక్క ఈ ముచ్చట చెప్తే సుభాషిణి డాక్టరు నవ్వింది. ఆమె ఫికరు ఆమెది. నయం గాని రోగులను సూసుకునే పీజీ ట్రైనింగ్ చేస్తాంది, పాలియేటివ్ కేర్ అంటరు. రోగికి ఉన్నదున్నట్టు చెప్పుడే అండ్ల పెద్ద పరీక్ష. రెండుసార్లు తప్పింది. రోగి మొఖం సూడంగనే నోట్లెకెల్లి "ఏం గాదు తాతా" అని ఊడివడ్తది మరి. "ఇంకోసారి ఆ మాటన్నవంటే ఇంటికేనమ్మా" అన్నడు ఆమెకు ట్రైనింగిచ్చే సదానందం సార్.

ఆ రాత్రి డ్యూటీల... ఏడో మంచం కిర్రుమన్నది.

సూసింది. మంచం ఖాళీ. పరుపు మాత్రం మనిషి పండుకున్నంత మేర కిందికి దిగి ఉన్నది.

"బిడ్డా... నన్నెప్పుడు ఇంటికి తోలుతరు?"

తలుపు దిక్కు రెండడుగులేసి ఆగింది. "ఏం గా—" అనవోయి నాలుక కరుసుకున్నది. దయ్యమైతేంది, రోగి రోగే. స్టూలు గుంజుకొని కూసున్నది. సార్ నేర్పినట్టే మొదలు వెట్టింది.

"నీ పానం సంగతి నీకేం ఎరుక తాతా?"

"ఏమెరుక... అందరు ఏం గాదు, ఏం గాదు అనవట్టిరి. నొప్పి గూడ పోయె. ఆకలైతలేదు, అదొక్కటే."

సుభాషిణి స్టూలు ఇంకింత దగ్గరికి జరుపుకున్నది.

"జర మనసు గట్టి చేసుకో తాతా... నువ్వు సచ్చిపోయినవ్. మూడేండ్లయింది."

అని, ఊకున్నది. చెప్పినంక ఊకుండుడు గూడ ఆ చదువుల భాగమే. ఫ్యాను తిరుగుతాంది... తిరుగుతాంది...

"మా ఇంటోళ్లకు ఎరుకేనా?"

"ఎరుకే. దినాలు గూడ మంచిగ చేసిండ్రంట. మల్లక్క చెప్పింది."

"గట్లనా..." గొంతు మెత్తవడ్డది. "ఒక్కనాడు గూడ సూడ రాలేదని మా పెద్దోన్ని రోజూ తిట్టుకుంటాన్న బిడ్డా. వానిది తప్పేం లేదన్నట్టు."

పరుపు మెల్లగ పైకి లేసి సాపయింది.

సుభాషిణికి ఏడుపాగలే. కొంగుతోని కండ్లు తుడుసుకొని ఎనకకు మర్లింది. తలుపు కాడ సదానందం సార్, గోడకు అతుక్కొని నిలవడ్డడు. ఎప్పుడొచ్చిండో, అంగీ మొత్తం చెమటకు తడిసింది.

"పాసమ్మా" అన్నడు. "గని... కేస్ షీట్ల పేషెంటు పేరు రాయకు."