ఆకలి వేర్లు

"చెయ్యి తియ్యి! వేరు తెగిందంటే మొక్క పోయినట్టే!"

షెడ్డులో అడుగుపెట్టిన రోజు ఆమెకు ఎదురైన మొదటి మాట అది. మట్టి లేకుండా, పైపుల్లో పారే నీళ్లతోనే పాలకూర పెంచే షెడ్డు అది. అరిచినవాడు ఆ నీళ్లలో ఎరువు కలిపే కుర్రాడు. మాట పడ్డది యజమాని తమ్ముడి కూతురు.

"ఇది మా పెదనాన్న షెడ్డు, తెలుసా?"

"నాకు తెలుసు. వేరుకు తెలియదుగా, అమ్మాయిగారూ!"

ఆమెకు ఒళ్లు మండింది. కొన్నాళ్లకు ఆ మంట ఎటు పోయిందో ఆమెకే తెలియదు. "నీళ్ల మాస్టారూ" అని పిలిచి అతన్ని ఉడికించడం, ఆ ఉడుకుమోతు మొహం చూడ్డానికే పొద్దున్నే తయారవడం అలవాటైపోయింది.

సంగతి పెదనాన్న కనిపెట్టాడు. "ఈ పంట నిలబెట్టు, మీ అమ్మతో పెళ్లిమాట నేనే మాట్లాడతా. ముందు పంటల్లా ఇదీ పోయిందా, షెడ్డు మూసేస్తా" అని అతనికి తెగేసి చెప్పాడు. మళ్లీ కోతకే వస్తానని తన దుకాణానికి వెళ్లిపోయాడు.

ఆ రోజునుంచి అతనికి వేరే లోకం లేదు. ఎరువు తగ్గిస్తే వేర్లు జరజరా సాగడం గమనించాడు. మరికాస్త తగ్గించాడు. ఇంకా సాగాయి. పైపు మూత ఎత్తి, తెల్లటి వేర్లను ఆమె జడ పక్కన పెట్టి కొలిచేవాడు.

"చూశావా! నీ జడను దాటేస్తాయి."

"నా జడకు దిష్టి పెట్టకు!"

అతని మొహం వెలిగిపోయేది. ఆమె చూపు మాత్రం ఆకులమీదకు పోయేది. అవి రోజురోజుకీ పాలిపోతున్నాయి. చెబుదామని నోరు తెరిచేది. ఆ వెలుగు చూసి మూసుకునేది.

కోతరోజు వాన. పెదనాన్న ఒక మొక్క పైకి లాగాడు. కింద మూరెడు వేరు, పైన గోరంత ఆకు.

"వేర్లు అమ్ముకోమంటావా నన్ను? నీళ్లలో తిండి లేక వెతుక్కుంటూ సాగిందిరా అది. నువ్వేమో బలిసిందనుకున్నావు!" తిట్టే ఓపిక కూడా లేనట్టు మొక్కను కింద పెట్టాడు. "పంపు ఆపేసి, పైపులు ఖాళీ చేసి వెళ్లు. రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆయన వెళ్లిపోయాడు. పంపు ఆగింది. రేకులమీద వాన చప్పుడొక్కటే మిగిలింది.

"ఆకులు పాలిపోవడం నేను ముందే చూశాను" అంది ఆమె.

అతను తలెత్తాడు. "చూసి?"

"నువ్వంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు. నువ్వంటే నాకు ప్రాణం."

ఎన్నాళ్లనుంచో వినాలనుకున్న మాట. అతను వంగి, పెదనాన్న కింద పెట్టిన మొక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"ప్రాణమైతే తిట్టాల్సింది కదే. ఇదేం పని మాస్టారూ అని నాలుగు తిట్టాల్సింది."

"ఇంక మనకు దారి లేదా?"

"లేదు."

"ఉందని చెప్పొచ్చు కదా, ఊరికే అయినా!"

"మంచిమాటలు చెప్పుకునే ఇక్కడిదాకా వచ్చాం. ఆ కొస పట్టుకో."

ఇద్దరూ చెరో కొస పట్టుకుని పైపును వానలోకి మోశారు. మొక్కలు గుట్టగా జారిపడుతుంటే ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఊరుకోమనలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా తడుస్తూ పక్కనే నిలబడి, ఆ తర్వాతే రెండో పైపు దగ్గరకు నడిచాడు.